మూత బిగించిన క్యాను

నల్లగొండ దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద గణితం చెబుతున్న రోజులవి. ఒకరోజు తనిఖీకి వచ్చిన అధికారి నా క్లాసులో కూర్చున్నారు. ఆయన రిపోర్టును బట్టే నా ఉద్యోగం ఇంకో ఏడాది సాగుతుంది.

తొట్టిలో నీళ్లు ఖాళీ అయ్యే వేగాన్ని అవకలన సమీకరణంతో లెక్కగట్టడం ఆనాటి పాఠం. ఫ్లోరైడ్ భయంతో మా దగ్గర అందరూ తాగే క్యాన్ నీళ్లనే ప్రయోగానికి తెచ్చాను. ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో బోర్డు మీద రాసి, ధీమాగా క్యానుకున్న నల్లా తిప్పాను. ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. క్యాను ఇంకా దాదాపు నిండుగానే ఉంది.

"మీ లెక్కల నీళ్లు గిట్ల మధ్యలనే ఆగుతయా అమ్మా?" అన్నారు అధికారి. నల్లాను ఇంకాస్త తిప్పి చూశాను.

ముందు బెంచీలోంచి షబానా అనే అమ్మాయి లేచింది. "మేడం, మూత గట్టిగున్నది. జర వదులు చేయుండ్రి, లోపలికి గాలి వోతది."

మెట్లెక్కేటప్పుడు నీళ్లు ఒలకకుండా నేనే బిగించాను. మూత తిప్పగానే నీళ్లు దూకాయి. క్లాసంతా గొల్లుమంది, అధికారి కూడా నవ్వారు. ఉద్యోగం నిలిచింది.

మొన్న బస్టాండులో షబానా కనిపించి, "మూత తీస్తున్రా మేడం?" అంది. సమీకరణం గుర్తుందా అని అడిగాను.

"గది ఎవలికి యాదుంటది మేడం!" అంటూ బస్సెక్కింది.

ఈ ఏడు ఆ పాఠాన్ని మూత బిగించే మొదలుపెట్టాను.