చిన్నమ్మగారి కళ్ళజోడు

రచయితగారి భార్య ఆ వీధికి పెద్దమ్మగారు. ఆయన తమ్ముణ్ణి చేసుకున్న పాపానికి ఈవిడ చిన్నమ్మగారైంది. తమ్ముడు అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, చేతుల సిరా వదిలేదాకా తోముకుని, అన్న నడుస్తూ చెప్పింది రాసి, మళ్ళీ చదివి వినిపించేవాడు. అన్నగారికి చూపు ఆనకపోయినా కళ్ళజోడు ముట్టలేదు. మొహానికి నప్పదట. అక్కడికేదో మహా మొహమైనట్టు.

అన్నదమ్ములు పోయారు. చిన్నమ్మగారు కొడుకు దగ్గరికి చేరింది. తోటికోడలు ఇంటిని మ్యూజియానికి రాసిచ్చి, చేతికందిన సామానల్లా మూటగట్టి అప్పగించి, తనూ కన్నుమూసింది. ఆ మూటలో తమ్ముడి కళ్ళజోడు కూడా పోయింది. భర్త తాలూకు గుర్తు చిన్నమ్మగారి దగ్గర ఇంకేదీ లేదు.

కోడలు సెలవు పెట్టి కారులో ఊళ్ళు చూడబోతుంటే, పట్టుబట్టి ఎక్కింది.

"అత్తయ్యా, మ్యూజియంవాళ్ళు కళ్ళజోడు ఇవ్వకపోతే గొడవ పెట్టుకోకండి."

"నేనెప్పుడు పెట్టుకున్నానే? ఉన్నమాట అంటాను. గొడవ వాళ్ళు పడతారు."

ఆవిడ కాపురం చేసిన వంటిల్లు టికెట్ల గది అయింది. పొయ్యిగట్టు మీద కంప్యూటరు కూర్చుంది. చిన్నమ్మగారు అటు చూసి, చూపు తిప్పుకుంది. ముందుగదిలో కిటికీ పక్కన గాజుపెట్టె. అందులో కళ్ళజోడు, దాని కింద చీటీ. కోడలు చదివింది: "రచయిత వాడిన కళ్ళజోడు."

ఎవరో చదువుకునే పిల్ల దానికి దణ్ణం పెట్టి వెళ్ళింది.

అంతదాకా బింకంగా ఉన్న మనిషి గోడకు ఆనుకుంది. మ్యూజియం చూసుకునే పెద్దాయన కుర్చీ తెచ్చాడు.

"అది మా ఆయనది, నాయనా. మీ రచయిత ఏ ఫొటోలోనైనా జోడు పెట్టుకున్నాడేమో చూడు."

ఆయన గోడ పొడుగునా ఫొటోలు చూస్తూ వెళ్ళి, నెమ్మదిగా వెనక్కి వచ్చాడు.

"నిజమేనమ్మా. ఇన్నేళ్ళూ నాకూ తట్టలేదు."

"తమ్ముడిదని రాసిపెట్టు. ఇక్కడే ఉండనీ. దణ్ణాలేవో ఆయనకే అందుతాయి."

"చీటీ మార్చాలంటే పైవాళ్ళు ఒప్పుకోవాలి. ఒప్పుకోరు. తమ్ముడి సామాను మనకెందుకంటారు."

కోడలు చిన్నమ్మగారి భుజం మీద చెయ్యి వేసింది.

"బతికున్నన్నాళ్ళూ అన్న వెనకాలే నిలబడ్డాడు," అంది ఆవిడ. "పోయాక కూడా ఎందుకు?"

పెద్దాయన కాసేపు తలుపువైపు చూశాడు. తరవాత జేబులోంచి తాళంచెవి తీసి పెట్టె తెరిచాడు.

"పైవాళ్ళకు నేను చెప్పుకుంటాను. తీసుకెళ్ళండమ్మా."

కిటికీ ఎండకు కళ్ళజోడు వెచ్చగా ఉంది, ముక్కు మీదనుంచి అప్పుడే తీసినట్టు. చిన్నమ్మగారు దాన్ని తుడవలేదు, సంచీలో వెయ్యలేదు. కారు ఊరు దాటాక కోడలు ఓసారి చూస్తానని చెయ్యి చాచింది.

"ఇస్తాలే," అంది ఆవిడ, గుప్పిట విప్పకుండా. "నువ్వు రోడ్డు చూసి నడుపు."