డిస్కుకు కట్టిన తోరం

నాగారంలో ఇల్లు కట్టుకున్న ఫణిభూషణ్ రసాయన శాస్త్రజ్ఞుడు. ఏ నమూనానూ ఒకే సీసాలో ఉంచి ఎరగడు. 2008 వేసవిలో భార్య పార్వతీదేవికి స్వరపేటిక తీసేయక తప్పదని డాక్టర్లు తేల్చినప్పుడు, ఆపరేషన్‌కు ముందే ఆమె మాటలను కంప్యూటరులో రికార్డు చేశాడు. మరో ప్రతిని విడి డిస్కులోకి ఎక్కించి బీరువాలో పెట్టాడు.

దసరాకు ఆమె ఆ డిస్కును కూడా ఆయుధపూజలో పెట్టించింది. దాన్ని కంప్యూటరుకు తగిలించి, రెండింటికీ కలిపి పసుపుతోరం చుట్టింది. పండుగయ్యాక అతడు విప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. తోరం దానంతట అదే ఊడాలని ఆమె పట్టు. మాట పోయిన మనిషితో వాదించడానికి అతనికి నోరు రాలేదు.

దీపావళి ముందు, బిల్లు అని వచ్చిన ఈ-మెయిలు జోడింపును తెరిచాడు. కాసేపటికి ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. అన్నింటికీ తాళం వేశామనీ, తాళంచెవి కొనుక్కోమనీ తెరపై ఇంగ్లీషులో ప్రకటన. డిస్కులోనూ అదే గతి. కరెంటు తీగ పీకేసి, మేడ్చల్‌లో కంప్యూటర్లు బాగుచేసే నయనను పిలిపించాడు.

"డిస్కుకు గూడ తోరమా అంకుల్? రెండిటికి పెండ్లి జేసిండ్రు, ఇగ రోగం గూడ పంచుకున్నయి," అంది నయన.

"అడిగింది కట్టేస్తానమ్మా."

"కడితే చెవి ఇస్తరని ఏం నమ్మకం? దొంగను రసీదు అడుగుతరా? వైరస్ అసలు ఫైళ్ళను తుడిచేసి తాళమేసినయి పెట్టింది. తుడిచేసినా జాడ ఉంటది. దాని మీద కొత్తది ఏం పడకపోతే కొన్ని దొరకొచ్చు. ఇగ దీన్ని ఆన్ జెయ్యకుండ్రి."

ఆమె తోరం మీద చెయ్యి వేయగానే అతడు భార్య వైపు చూశాడు. పార్వతీదేవే కత్తెర అందుకుని దారాన్ని తెంపింది.

నయన తాను తెచ్చిన కంప్యూటరుకు పాత కంప్యూటరులోంచి తీసిన డిస్కునూ, విడి డిస్కునూ తగిలించి వెతికించింది. పేర్లు లేని ఫైళ్ళు బయటపడ్డాయి. ఒక్కొక్కటే వినిపించింది. గరగర. మళ్ళీ గరగర. ఫణిభూషణ్ కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాడు. చిట్టచివర ఒక్కటి మాత్రం చెక్కుచెదరకుండా పలికింది:

"ఏమండీ, పప్పు మాడుతోంది! ఆ మైకు పక్కన పడేసి ముందు మంట తగ్గించండి!"

మెడకు చుట్టుకున్న గుడ్డను పట్టుకుని పార్వతీదేవి వింది. మళ్ళీ పెట్టమని వేలు చూపింది.

మిగిలినవేవీ దక్కలేదు. నయన ఆ ఒక్కదాన్నీ రెండు సీడీల్లోకి ఎక్కించింది. పార్వతీదేవి ఒకటి బీరువాలో పెట్టి తాళం వేసింది. రెండోది నయన చేతిలో ఉంచి, ఆ పిడికిలి మూసి, అక్కడే దాచమన్నట్టు మేడ్చల్ వైపు చూపించింది.