వేళ్లు ఎండకు పెట్టిన డైసీలు

సాయంత్రం మదనపల్లెలో ఆఫీసు ముగించుకుని నిమ్మనపల్లెకు వచ్చేసరికి మా ఇంటి ముందు డైసీ మొక్కలు లేవు. పన్నెండు దుబ్బులూ బండ మీద వరసగా, వేళ్లు పైకి చేసి ఎండబెట్టి ఉన్నాయి. చెనక్కాయ, అంటే వేరుశనగ, చెట్లు పెరికాక చేలో అమ్మ అలాగే పెడుతుంది. ఎవరు పెరికారో చూడగానే తెలిసింది.

పోయిన వానాకాలంలో వాటిని విత్తనాల నుంచి పెంచాను. చలికాలంలో తెల్లగా పూశాయి. మిరపకో వంకాయకో కాకుండా పూలకని మా ఇంట్లో నేల వదలడం అదే మొదలు. బోరు ఆగిన రోజుల్లో అమ్మే బిందెతో నీళ్లు మోసింది.

"ఎండిపోయినాయి గదా పాపా, నీకు పని తగ్గుతాదని పెరికేసినా" అంది అమ్మ.

"పైన ఎండినా వేరు బతికే ఉంటాదమ్మా. ఏటా వానలకు మళ్లీ సిగురు పెడతాది."

అమ్మ ఆ వేళ్ల వైపు చూసింది. "ఆ మాట నాకు ముందే యాల సెప్పలేదు?"

మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. ఈ మొక్కల గ్రూపులో ఎవరడిగినా పేరాలు పేరాలు రాస్తాను. నీళ్లు మోసిన మనిషికి చెప్పాలని మాత్రం తోచలేదు.

చీకటి పడేదాకా అమ్మ మళ్లీ గుంతలు తీసి అన్నీ నాటింది. నేను దుబ్బులు అందించి నీళ్లు పోశాను. అందిస్తుంటే కొన్ని వేళ్లు నా చేతిలోనే పుల్లల్లా విరిగాయి. ఆ సంగతీ అమ్మకు చెప్పలేదు.

రోజంతా ఎండిన డైసీ వేరు మీలో ఎవరికైనా చిగురించిందా? లేదనైనా సరే, చెప్పండి. పొద్దున్నే అమ్మ బిందె ఎత్తుకునేలోపు నాకు తెలియాలి.