బావ గుండు, నా సూది

కర్నూలు మన రాజధానిగా ఉన్న రోజుల్లో నేను నంద్యాలలో ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరును. కాంపౌండరంటే కాంపౌండు గోడకు కాపలా ఉండేవాడని మా అవ్వ చివరిదాకా నమ్మింది. నేనూ గట్టిగా ఖండించలేదు గానీ, నా ఒళ్లు చూసి గోడ కాపలాకైనా ఎవరూ పెట్టుకునేవాళ్లు కాదు. నా బలమంతా బలపం పట్టుకునేంత.

మా అక్క మొగుడు అలా కాదు. ఆళ్లగడ్డకు కోసెడు దూరంలో ఆయన ఊరు. చావిడి ముందు నల్లరాతి గుండు ఒకటి ఉండేది. ఉగాది సాయంత్రం దాన్ని నేలమీంచి మోకాళ్ల మీదికి, అక్కణ్నుంచి రొమ్ము మీదికి, రొమ్ము మీంచి భుజం మీదికి ఎత్తి వెనక్కి వదిలేయాలి. బావ మూడేళ్లు వరసగా ఎత్తాడు. చేతులు పెట్టే ముందు గుండును ఒకసారి నిమిరేవాడు, పాలు పిండబోయే ముందు బర్రెను నిమిరినట్టు. ఎత్తడం కంటే ఆ నిమరడమే నాకు ముచ్చటగా ఉండేది.

ఆ ఊళ్లో ఇంకో ఆచారం. గుండు భుజం దాటి దబ్బున పడగానే ఊరి పెద్దాయన అందరికీ వినపడేలా అడిగేవాడు, "ఏం తిని ఎత్తినావప్పా?" అని. ఎత్తినవాడు గుండు మీద చెయ్యి పెట్టి నిజం చెప్పాలి. అబద్ధమాడితే ఊరికి వానలు రావని నమ్మకం. ఇక ఆ ఏడాదంతా ఊళ్లో తల్లులు కొడుకులకు అదే పెట్టేవాళ్లు. మొదటిసారి బావ "కొర్రన్నం, గడ్డ పెరుగు" అన్నాడు. ఆ ఏడు ఊళ్లో కొర్రలకు కరువొచ్చింది. మరుసటేడు "సంగటి, శెనక్కాయల ఊరిబిండి" అంటే ఇంటింటా రోళ్లు అరిగిపోయాయి.

నాలుగో ఏడు బావకు టైఫాయిడ్ వచ్చింది. నెలన్నర తర్వాత లేచేసరికి, గుండెత్తిన చేతులు చెంబెత్తడానికి కూడా ఆలోచిస్తున్నాయి. ఆ ఉగాదికి అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని, ఇంకెవరో ఎత్తుతుంటే చూశాడు. ఎన్నాళ్లకూ కండ తిరిగి రాకపోతే అక్క నంద్యాలకు తీసుకొచ్చింది.

డాక్టరుగారు కొత్త మందు రాశారు. మగవాళ్ల ఒంట్లో సహజంగా ఊరే రసాన్నే తయారుచేసి, నూనెలో కలిపి, చిన్న గాజుబుడ్లలో అమ్మేవాళ్లు. "జబ్బుతో కండ కరిగినవాళ్లకు చాలా మంచిదయ్యా. వారానికొకటి చొప్పున ఆరు సూదులు. ఏడోది లేదు," అన్నారు.

బుడ్డిని అరచేతుల మధ్య వెచ్చబెట్టి, లావు సూదితో నేనే పొడిచేవాణ్ణి. మందుకు దండం పెట్టాలి! నాలుగో సూదికే బావ బస్టాండు నుంచి నడిచి రావడం మొదలుపెట్టాడు. ఆరోదానికి భుజాలు మళ్లీ భుజాలయ్యాయి. నా బతుకులో నేను తయారుచేసిన ఒకే ఒక్క పెద్ద వస్తువు మా బావేనని మురిసిపోయాను.

ఏడో వారం కూడా వచ్చాడు.

"ఏమప్పా బామ్మర్దీ, ఇంగో నాలుగు పొడువు. ఈ ఉగాదికి గుండెత్తల్ల."

"డాక్టరుగారు వద్దన్నారు బావా."

"గుండెత్తేది ఆయనా, నేనా?"

ఆ భుజాల ముందు ఇంకోసారి కాదనడం నావల్ల కాలేదు. బుడ్లు ఆయన బజారులో కొనుక్కొచ్చేవాడు. డాక్టరుగారు భోజనానికి వెళ్లినప్పుడు నేను పొడిచేవాణ్ణి. నాలుగు కాస్తా పదయ్యాయి. ఆయన చేతులు జ్వరానికి ముందున్నదానికంటే లావెక్కాయి. వీపు నిండా జొన్నకంకిలా మొటిమలు లేచాయి. నేను చేతులే చూశాను.

ఒకరోజు అక్క ఒక్కతే బస్సెక్కి ఆసుపత్రికే వచ్చింది.

"నా మొగుణ్ణి ఏం చేస్తాండావురా?"

"బలం ఎక్కిస్తాండా అక్కా."

"ఏం బలంరా అది? పులుసులో ఉప్పు చాలలేదని కుండ పగలగొట్న్యాడు. ఎప్పుడన్నా చూసినావా ఆ మనిషి అట్ల? రొమ్ములు ఆడోళ్ల మాదిరి ఉబ్బి నొప్పంటాడు. ఇంగా ఏందో తేడా ఉందంట, నాతో గూడా చెప్పల్యాక సిగ్గుపడ్తాండాడు. ఐదేండ్లాయె, ఒక బిడ్డ కోసరం నేను మొక్కని దేవుడు ల్యాడు!"

లోపలి గది తలుపు తెరిచే ఉందని అప్పుడు చూశాను. డాక్టరుగారు అంతా విన్నారు.

మరునాడు బావను పిలిపించారు. "వంక ఇసుకలో నీళ్లకు చెలమ తవ్వుతారు కదా. ఊట ఉంటుంది. నువ్వు పైనుంచి బిందెలతో పోస్తూ ఉంటే, నిండింది కదా అని లోపలి ఊట ఆగిపోతుంది. బిడ్డలకు విత్తనమూ ఆ చెలమలోదే."

బావ తన చేతుల వంక చూసుకున్నాడు. "ఆపితే ఊట మళ్లా వస్తాదా సామీ?"

"వస్తుందనే నా నమ్మకం. ఎన్నాళ్లకో చెప్పలేను. ఇలాగే పోస్తే లివరుకు, గుండెకు ఏమవుతుందో కూడా చెప్పలేను. కొత్త మందు. తెలిసినదానికంటే తెలియనిదే ఎక్కువ."

నా దగ్గర సూదుల పెట్టె తాళంచెవి మాత్రం అడిగి తీసుకుని జేబులో వేసుకున్నారు. తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేది.

ఉగాదికి పదిహేను రోజులుంది. బావ సూదులు మానేశాడు. కండ మాత్రం అప్పుడే పోలేదు.

ఉగాది సాయంత్రం గుండును నిమిరాడు. మోకాళ్ల మీదికి తెచ్చాడు. ఊపిరి తీసుకుని రొమ్ము మీదికి తెచ్చాడు. దగ్గరగా నిలబడి చూశాను, ఎక్కడా వణుకు లేదు. మిగిలింది జానెడు. బావ తలెత్తి ఎదురుగా చూశాడు. మీసాలు మొలుస్తున్న పిల్లలు, వాళ్ల వెనక తల్లులు, ఈ ఏడు ఏం వండాలో విందామని కాచుకుని ఉన్నారు.

గుండు అలాగే కొంతసేపు ఆగింది. తర్వాత మోకాళ్ల మీదికి, అక్కణ్నుంచి నేలమీదికి, చప్పుడు కాకుండా దిగింది.

"పాపం, జొరం తినేసిందప్పా మనిషిని!" అన్నారెవరో.

"ఇంగ గుండెత్తేది పెట్టుకోవాకన్నా, గుండు గీయించుకో!" అన్నాడు ఇంకొకడు. బావ అందరితో పాటు నవ్వాడు. ఎత్తనివాణ్ణి ఏమీ అడగరు. పెద్దాయన ఏమీ అడగలేదు.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "ఎత్తి ఉందువు కదా బావా?"

"ఎత్తుంటి. ఆయప్ప అడుగుతాడు గదా. సంగటి అంటే గుండు మీద చెయ్యి పెట్టి అబద్ధం. సూది అంటే తెల్లారి ఊరు ఊరంతా నంద్యాల బస్సెక్కుతాది. పొడిచేకి నీకు చేతులు చాలతాయా?"

రొమ్ము దాకా వచ్చిన గుండును దించడానికి ఏ కండ కావాలో మా మందుల పుస్తకాల్లో ఎక్కడా లేదు.

మరో రెండేళ్లకు పుట్టిన నా మేనకోడలికి ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఒకటే అడుగుతుంది: "ఆపొద్దు ఇంటికొచ్చి నాయన ఏం తిన్యాడు మామా?"

ఓళిగలు, అవే బొబ్బట్లు, తిన్నాడు. అక్క గడపలోనే, "ఏం చెప్పినావు?" అంది. "అడగల్యా," అన్నాడు. అక్క ఆయన మొహం చూసి, నా మొహం చూసి, విస్తరి వేసింది. ఆరో ఓళిగ మీద నెయ్యి పోస్తూ, "గుండెత్తనోనికి ఇంత ఆకలేంది?" అంది.

"దించేది గూడా పనే గదమే," అన్నాడు బావ, ఏడోదానికి చెయ్యి చాపుతూ.