భుజంలో పోటు

మొయినాబాద్ బడిలో సైన్సు చెప్పే ప్రేమజ్యోతి, రోజూ చేవెళ్లలో బస్సెక్కి కూర్చోగానే పొట్ట మీద అరచేయి ఆనించి కదలకుండా ఉంటుంది. గర్భం నిలిచిందని రక్తపరీక్షలో తేలింది. స్కానింగులో మాత్రం గర్భసంచిలోగానీ, అండం వచ్చే గొట్టాల్లోగానీ ఏమీ కనబడలేదు. మరో వారం చూద్దామన్నారు డాక్టర్లు. ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మోకరించి ముందుకు వంగగానే కుడి భుజంలో పోటు పొడిచింది, కళ్లు తిరిగాయి.

“ఉపాసం ఉంటివి, ఇగ కండ్లు తిరగవా? నీ పెద్ద పోరన్ని ఎత్తుకొని ఎత్తుకొని భుజం పట్టింది,” అంటూ అత్త బీరమ్మ ప్రార్థన నూనె రాయబోయింది. గర్భం సంచి బయట నిలిచి పగిలితే కడుపులో నెత్తురు కారుతుందని, అది పైకి చేరితే నొప్పి భుజంలో తెలుస్తుందని ప్రేమజ్యోతి చదువుకుంది. అత్త చేతిని గట్టిగా పట్టుకుని ఆపింది.

“నూనె వద్దత్తమ్మా, లోపల రక్తం పోతున్నది. జల్ది ఆటో పిలువు.”

ఆటోలో బీరమ్మ కోడలిని ఒడిసి పట్టుకుని అడిగింది. “మరి బిడ్డ ఏడున్నది?”

“అదే ఎవలకు దొరుకుతలేదు. దవాఖాన దాకా నన్ను కండ్లు ముయ్యనియ్యకు.”