బావ కారుకు నేను బిగించిన టేపు

మా బావ అంబాసిడర్‌కు పాత టేపు తీసేసి కొత్తది బిగించింది నేనే. ఈ సంగతి మా అక్కకు తెలుసు. దాన్ని ఎలా బిగించానో మాత్రం ఆమెకు తెలియదు. ఇన్నేళ్లూ చెప్పకపోవడానికి కారణం పిరికితనం. దానికి ఇంకా మర్యాదైన పేరు ఏదైనా ఉంటే నాకు తెలియదు.

జగిత్యాలలో ఒక రేడియో దుకాణంలో పని నేర్చుకుని, కోరుట్ల వచ్చి సొంతంగా ఒక చిన్న డబ్బా కొట్టు పెట్టుకున్నాను. అడవి అంచు ఊళ్లలో పగలు పోలీసులు, పొద్దుగూకితే అన్నలు తిరిగే కాలం అది. వైర్లూ సెల్లులూ అమ్మేవాడంటే ఇద్దరికీ అనుమానమే. నెలకోసారి ఎవరో ఒకరు వచ్చి నా సామానంతా బోర్లించి పోయేవారు. ఏరుకోవడం అలవాటైంది గానీ కోపం మాత్రం ఏ రోజుకారోజు కొత్తగానే వచ్చేది.

బావ ఆ పాత కారును కిరాయికి తిప్పేవాడు. కోరుట్ల నుంచి రుద్రంగి మీదుగా సిరిసిల్ల దాకా ఆ రోడ్డు మీద గుంత గుంతా ఆయనకు ఎరుక. అక్కడి డ్రైవర్లకు ఒక పద్ధతి ఉండేది. ఈల వినబడితే, అది ఎవరిదైనా సరే, బండి ఆపాలి. రెండు చేతులూ స్టీరింగు మీద కనబడేలా పెట్టాలి. ఈల వినకుండా ముందుకు పోయిన బండి మీద తుపాకీ పేలుతుందని పసిపిల్లలకు కూడా తెలుసు.

రుద్రంగి దగ్గర గుట్ట దిగుడు ఒకటి ఉంది. పెట్రోలు మిగులుతుందని అందరిలాగే బావ కూడా అక్కడ తాళం తిప్పి ఇంజన్ ఆపేసి, బండిని దానంతట దాన్ని దొర్లనిచ్చేవాడు. పాత టేపు తాళం మీదే నడిచేది కాబట్టి ఇంజన్‌తో పాటు అదీ ఆగిపోయేది. ఇక చెట్ల చాటున ఎవరు దగ్గినా వినబడేది. ఆ దిగుడు మీద తన చెవులే తనకు బ్రేకులని అక్కతో అనేవాడట.

పాత టేపు క్యాసెట్ల రీలు నమిలేయడం మొదలుపెట్టింది. పాటలు లేని కారును పెళ్లికి ఎవరు పిలుస్తారు? నా దోస్తు ఒకడు దుబాయి నుంచి కొత్త సెట్టు తెచ్చాడు. నేనే బావ వెంటపడ్డాను. ఆయనకు పెద్ద ఇష్టం లేదు. "ఉన్నది సక్కగ జెయ్యరాదు బామ్మర్దీ, గీ షోకులన్నీ నాకెందుకు?" అన్నాడు. వింటేగా నేను.

సిరిసిల్లలో సాంచెలు, అదే మరమగ్గాలు, నడిపే వాళ్లింట్లో పెళ్లి. పెళ్లికొడుకు తరఫు వాళ్లను కోరుట్ల నుంచి బావ తీసుకుపోవాలి. ఆ పొద్దున డాష్‌బోర్డు విప్పి సెట్టు కూర్చోబెట్టాను. వెనక అద్దం కింది పలకకు స్పీకర్లు బిగించాను. సిరిసిల్ల నుంచి వచ్చిన పెళ్లికొడుకు పెదనాయన, ఒక ముసలాయన, పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"పెండ్లింటి ముంగట బండి నిలవెట్టినంక గూడ పాటలు రావాలె బాబూ," అన్నాడు.

అదెంత పని అనుకున్నాను. తాళం దగ్గరికి పోవాల్సిన వైరును తీసి నేరుగా బ్యాటరీకి కలిపేశాను. ఇక ఇంజన్ ఆగినా పాట ఆగదు. బావ అవతల బానెట్‌కు పూలదండ కడుతున్నాడు.

"ఏం బామ్మర్దీ, నీ పెండ్లికి గూడ గీ బండ్లెనే తీస్కపోత. జెల్ది కానియ్యి," అని నవ్వాడు.

నేనూ నవ్వాను. వైరు సంగతి చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు, చెప్పాలని తోచలేదు. పెళ్లింటి ముందు కారు ఎలా మోగుతుందా అని ఆలోచించాను తప్ప గుట్ట నాకు గుర్తే రాలేదు. అంత తెలివితక్కువ పని నా జన్మలో మరొకటి చేయలేదు.

మధ్యాహ్నానికల్లా బావ పోయాడని కబురు వచ్చింది. దిగుడు దగ్గర ఆపమంటే కారు ఆపలేదనీ, డ్రైవరు ఆయుధం కోసం కిందికి వంగాడనీ, అందుకే కాల్చారనీ పోలీసుల మాట. ఒక్కటే గుండు, మెడలోకి. మిగతావాళ్లకు గాజు పెంకులు గుచ్చుకున్నాయి, అంతే. కారంతా వెతికితే ఒక్క ఆయుధమూ దొరకలేదు. అయినా వాళ్ల మాట మారలేదు.

దినాలు అయ్యాక నేనొక్కణ్నే సిరిసిల్ల పోయి ఆ ముసలాయనను కలిశాను. ఆ రోజు ఆయన ముందు సీట్లోనే ఉన్నాడు.

"తాళం బంద్ జేసిండు. పాట ఆగలే. గిదేందిరా అనుకుంట సెట్టు దిక్కు వంగి గుండీలు ఒత్తవట్టిండు. ఎనుకోళ్లు చప్పట్లు గొడ్తున్నరు. మాకెవ్వలకు ఈల ఇనవడలే బాబూ."

ఎక్కడా తన పేరు చెప్పొద్దని నా చేతులు పట్టుకున్నాడు. సాక్ష్యానికి పిలుస్తారని ఆయన భయం, వెనక కూర్చున్నవాళ్లదీ అదే భయం, వాళ్లూ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. ఆయన మా కోరుట్ల వైపు మళ్లీ రాలేదు.

అక్క మాత్రం ఊరుకోలేదు. తన మనిషి ఎవరి జోలికీ పోయేవాడు కాదని కనబడ్డ ప్రతి ఒక్కరితో వాదించేది. స్టేషన్ మెట్ల మీద కూర్చునేది, పెద్దమనుషుల ఇళ్లకు పోయేది. ఒక రోజు ఎండవేళ నా డబ్బాకు వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"తమ్మీ, ఒక్కటి అడుగుత, నిజం జెప్పు. తాళం బంద్ జేస్తే టేపు గూడ బంద్ అయితది గదా? ఆయన నాకు ఎన్నోసార్లు జెప్పిండు."

చెప్పడానికి అదే సమయం. అక్క ముఖం చూశాను. నా ముఖం మళ్లీ చూడదేమో అనిపించింది.

"అయితదక్కా," అన్నాను.

"నువ్వు వెట్టిన కొత్తది గూడనా?"

"కొత్తది గూడ."

"అయితే ఈల ఇనవడ్డట్టే. ఇని ఎందుకు ఆపలే? కిందికి దేనికి వంగిండు?"

"నాకేమెరుకక్కా."

అక్క ఏడవలేదు. "అయితే వాళ్లు జెప్పిందే నిజమన్నట్టు. సీటు కింద ఏదో వెట్టుకున్నడు. నాకు గూడ జెప్పలే," అని లేచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత అక్క స్టేషన్‌కు పోవడం మానేసింది. ఎవరేమన్నా ఎదురు మాట్లాడలేదు. పిల్లలు పెద్దవాళ్లై తండ్రి గురించి అడిగితే, "మీ నాయిన నాకు అన్ని జెప్పెటోడు గాదు బిడ్డా," అనేది. అలా అన్న రోజుల్లో నేనూ ఆ ఇంట్లోనే, వాళ్ల పక్కనే కూర్చుని అన్నం తినేవాణ్ని.