పెద్దల్లుడి బ్యాటరీ యాత్ర

ఫోన్ బ్యాటరీని ఫ్రీజర్‌లో పెడితే కొత్తదానిలా పనిచేస్తుందని ఎవరో చెప్తే నమ్మినవాణ్ణి నేను. కవర్లో చుట్టి బఠానీల పక్కన పడుకోబెట్టాను. తెలంగాణ కోసం సమ్మె జరుగుతున్న రోజులు. కరెంటు కోతలకు ఫ్రీజర్‌లో మంచు కరిగి బ్యాటరీ తడిసింది. తుడిచి, చేతికి దొరికిన ఛార్జర్ తగిలించి, దిండు కింద పెట్టుకుని నిద్రపోయాను. కొన్నాళ్లకు అది పూరీలా ఉబ్బింది. ఫోన్ మధ్యాహ్నం కాకముందే కన్ను మూసేది.

ఇందులో నా పరువు ఇరుక్కుంది. మా అత్తమ్మ నల్లగొండ నుంచి వస్తే ఎల్బీనగర్‌లో దిగి ముందు పెద్దల్లుడికే, అంటే నాకే, ఫోన్ చేయడం ఆనవాయితీ. కిందటిసారి నాది స్విచ్ఛాఫ్ అని వచ్చింది. చిన్నల్లుడు రమేశ్‌కు చేసింది. అతను వెళ్లి తీసుకొచ్చాడు. అప్పటినుంచి అత్తవారింట్లో ఏ పనికైనా 'రమేశ్‌నడుగుండ్రి'. అతని ఫోన్ రెండు రోజులు నిలుస్తుందట. ఆ మాట విన్నప్పుడల్లా బ్యాటరీకి తోడుగా నేనూ ఉబ్బేవాణ్ణి.

మళ్లీ అత్తమ్మ వస్తానన్న రోజు, పొద్దున తొమ్మిదింటికి వనస్థలిపురం నుంచి కొత్త బ్యాటరీ కోసం బయల్దేరాను. వద్దన్నా రమేశ్ వెంట వచ్చాడు. బస్సులు బంద్. షేర్ ఆటో దొరికింది. ఆటోకు ఛార్జీ పెరిగింది, నా ఫోన్‌కే ఛార్జింగ్ తరిగింది.

దారిలో బ్యాటరీ బయటికి తీసి బొటనవేలితో ఒత్తి చదును చేయబోయాను.

"అన్నా, ఒత్తకు! పగిలితె మంటలొస్తయ్," అని రమేశ్ అరిచాడు.

నా పక్కన కూర్చున్న కోస్తా మాస్టారొకరు కంగారుపడ్డారు. "అయ్యో, జేబులో కూడా పెట్టుకోకండి బాబూ! అది నా వైపు జేబండీ!" అంటూ జరగబోయారు. జరగడానికి చోటు లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మొబైల్ షాపులు సగం షట్టర్లు దించి వ్యాపారం చేస్తున్నాయి. షాపాయన నా బ్యాటరీని అద్దాల బల్లమీద పెట్టి వేలితో తిప్పాడు. గిర్రున తిరిగింది. "చూడుండ్రి సార్, బొంగరం! మంచిదైతె గిట్ల తిరుగది." కొత్తది చేతిలో పెడుతూ, "ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టినంకనే ఆన్ చెయ్యుండ్రి," అన్నాడు.

"గది పాత బ్యాటరీల ముచ్చట," అన్నాడు రమేశ్. "గీటికి అక్కర్లేదన్నా. సగం ఛార్జింగ్‌తోనే వస్తయ్."

రమేశ్ చెప్పాడు కాబట్టి షాపాయన మాటే నమ్మాను. ఫోన్‌లో బ్యాటరీ వేసుకున్నాను గానీ ఆన్ చేయలేదు. పాతదాన్ని చెత్తలో వేయబోతే రమేశ్ ఆపి, దాని కొనలకు టేప్ అంటించి, షాపులో పాడైనవి వేసే డబ్బాలో వేయించాడు.

తిరుగు ఆటోలో కొత్తపేట దాటేదాకా పాఠమే. దిండు కింద పెట్టొద్దు, దాని ఛార్జరే వాడాలి, సున్నా దాకా రానియ్యొద్దు, ఎండలో వదలొద్దు. అన్నీ నిజాలే. అందుకే ఒళ్లు మండింది.

ఎల్బీనగర్ చౌరస్తా చేరేసరికి పన్నెండు. నడిరోడ్డుమీద వంటావార్పు. ఉద్యమకారులు పొయ్యిలు వెలిగించి వండుతున్నారు. ఆటో ఆగిపోయింది. దిగితే ఒకామె, "తినుండ్రి అన్నా, జై తెలంగాణ!" అంటూ చెరో విస్తరాకు పులిహోర ఇచ్చింది. తింటుంటే రమేశ్ ఫోన్ తీశాడు. చొక్కాకు తుడిచాడు. పై జేబులో పెట్టుకుని తల దువ్వుకున్నాడు. అత్తమ్మ ఫోన్‌కు తయారైపోయాడు!

ఎనిమిది గంటల నియమం ఒకవైపు, ఆ దువ్వెన ఒకవైపు. దువ్వెనే గెలిచింది. పక్కకు తిరిగి ఫోన్ ఆన్ చేశాను. నిజంగానే సగం గీతలున్నాయి! పులిహోర పూర్తికాకముందే మోగింది.

"పెద్దల్లుడూ, బస్సుల్లేక జీపుల వచ్చి ఎల్బీనగర్ల దిగిన. ఏడున్నరు? పొయ్యిల పొగల ఏం కనవడ్తలేదు."

"గీడనే ఉన్న అత్తమ్మా!" అన్నాను, అవసరానికి మించి గట్టిగా. రమేశ్ చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగింది.

ఇంటికి వెళ్లే ఆటోలో అత్తమ్మా నేనూ వెనక కూర్చున్నాం. డ్రైవర్ పక్కన రమేశ్, అతని ఒళ్లో అత్తమ్మ సంచులు.

"మీ ఫోను ఎట్ల బాగయ్యింది?" అని అత్తమ్మ అడిగింది.

దిండు నుంచి ఎండ దాకా ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఎనిమిది గంటలు పాత ముచ్చటని కూడా చెప్పాను. రమేశ్ సంచుల మధ్య నుంచి వెనక్కి తిరగాలని చూశాడు. మెడ తిరగలేదు.

"గివన్నీ ఎవలు చెప్పిన్రు?" అత్తమ్మ మురిసిపోయింది.

"చెప్పేదేముంది అత్తమ్మా, వాడుతుంటె తెలుస్తది."

బ్యాటరీ కొనడానికి ఈ దారిన వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే. తెలిసినవాణ్ణి వెంట తీసుకెళ్లండి. వచ్చేటప్పుడు మాత్రం ముందు సీట్లో కూర్చోబెట్టండి.